అహోబిలం: 1,800 రూపాయల ఏసీ గది, నాన్నకి వడదెబ్బ

మే మూడో వారంలో అహోబిలం వెళ్ళాం. ఆళ్లగడ్డ దాకా ప్రయాణం, దిగువన ప్రహ్లాద వరదుడి దర్శనం హాయిగా జరిగాయి. చెప్పాల్సింది ఆ రాత్రి దిగిన గది గురించి, మర్నాడు నాన్నకి జరిగినదాని గురించి.

ఏసీ గదికని 1,800 కట్టించుకున్నారు. తాళం చేతికిచ్చాక, ఏసీ రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే అన్నారు. పదింటికి వేస్తే గాలి వస్తోంది, చల్లదనం లేదు. ఓల్టేజీ చాలట్లేదట. మామూలు గది 900. ఆ తేడా అయినా తిరిగివ్వమంటే "కరెంటు మా చేతుల్లో ఉందా?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మా ఆయన అరగంట పోట్లాడి, మర్నాటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. గోడలు అర్ధరాత్రి దాటినా సెగలు కక్కుతూనే ఉన్నాయి. 68 ఏళ్ల నాన్న కన్ను మూయలేదు. నా కోపం ఆ 900 గురించి కాదు. పగలంతా ఎండలో వేగిన ఒళ్లు రాత్రయినా చల్లబడాలి. ఆయనకి ఆ రాత్రి అది దక్కలేదు.

పొద్దున మళ్లీ కౌంటర్ దగ్గర గొడవ. ఆరింటికి ఎక్కాల్సిన కొండ తొమ్మిదిన్నరకి మొదలుపెట్టాం. ఆ తప్పు మాదే. జ్వాలా నరసింహుణ్ణి చూసి దిగుతుంటే నాన్న పిక్కలు పట్టేశాయన్నారు, తర్వాత తలనొప్పి అన్నారు. నీడలో కూర్చోబెట్టి అక్కడితో ఆగాల్సింది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ అయ్యుండదులే అనుకున్నాను. కాసేపటికి నన్ను చూసి "బస్సు వెళ్లిపోయిందా? అమ్మ ఏదీ?" అన్నారు. నాన్నమ్మ పోయి ఇరవై ఏళ్లు.

నేను ఏడుస్తూ సీసా నోటికి పెట్టబోతే, ఖాళీ డోలీతో వస్తున్న ఇద్దరిలో పెద్దాయన నా చెయ్యి పట్టి ఆపాడు. "తాగించొద్దమ్మా, పొలమారతాది. ఒంటిమీద పొయ్యండి." తెలివి తప్పిన మనిషికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆయనకి తెలుసు, నాకు తెలియదు. నాన్న చొక్కా విప్పి, తన కండువా తడిపి మెడకీ చంకలకీ గజ్జలకీ అద్దుతూ, నా చున్నీతో విసరమన్నాడు. మా ఆయన సిగ్నల్ దొరికేదాకా పరిగెత్తి 108కి ఫోన్ చేశారు. నాన్నని డోలీలో కిందికి తెచ్చినందుకు 2,000 ఇవ్వబోతే 1,200 తీసుకుని మిగతాది తిరిగిచ్చేశారు.

అంత తడిపాక కూడా ఆసుపత్రిలో జ్వరం 103 చూపించింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వికారం, నీరసం మొదటి హెచ్చరికలు. మాట తడబడినా, మనిషిని పోల్చుకోలేకపోయినా అది వడదెబ్బే, చెమట పడుతున్నా సరే. ఆలస్యమైతే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే ముందు చల్లబరచాలి, బండి వచ్చేదాకా ఆపకూడదు. పారాసెటమాల్ ఈ వేడికి పనిచేయదు. నాన్న వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువ పోయించే రకమట. అలాంటివి వాడేవాళ్లు ఎండాకాలం ప్రయాణానికి ముందే డాక్టర్ని అడగాలి, సొంతంగా మానేయకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు రాత్రులున్నాం, పైసా ఖర్చు కాలేదు. ఆ వార్డులో ఫ్యాన్ కింద తడి దుప్పటి కప్పుకుని నాన్న మా గదిలోకన్నా హాయిగా నిద్రపోయారు.

పెద్దవాళ్లతో వెళ్తుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. మేలో తప్పదంటే దిగువ అహోబిలం, ఆటో వెళ్లే ఛత్రవట, యోగానంద నరసింహుల గుళ్లు చాలు, అదీ తొమ్మిది లోపు. మనిషికో ఓఆర్ఎస్ ప్యాకెట్ పెట్టుకోండి, దాన్ని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో, గ్లాసులో కాదు. డబ్బు కట్టకముందే గదిలో ఏసీ వేయించి, పావుగంట కూర్చుని చూడండి.

నాన్న ఇప్పుడు బాగున్నారు. డిసెంబరులో మళ్లీ వెళ్దామంటున్నారు, దర్శనానికి కాదు, డోలీ పెద్దాయనకి కొత్త కండువా ఇవ్వడానికట.