ఎల్ నినో ఏడాది పుంగనూరు, పలమనేరు మెట్టల్లో వేరుశనగా, ఉలవా: ఏది మేలు?

ఎల్ నినో అనగానే వానలే ఉండవనుకుంటే మన దగ్గర లెక్క తప్పుతుంది. ఉమ్మడి చిత్తూరుకు నైరుతి, ఈశాన్యం దాదాపు సమానంగా వానలిస్తాయి. పసిఫిక్ నడిమి, తూర్పు భాగాలు మామూలుకన్నా అర డిగ్రీకి మించి వేడెక్కి నెలల తరబడి అలాగే ఉండటమే ఎల్ నినో. అప్పుడు చాలాసార్లు నైరుతి నీరసిస్తుంది, ఈశాన్యం చాలాసార్లు పుంజుకుంటుంది. 2015లో అదే జరిగింది: దేశమంతటా నైరుతి లోటు, నవంబరులో చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో కుండపోత. హిందూ మహాసముద్రంలో తూర్పుకన్నా పడమటి భాగం మామూలుకు మించి వేడెక్కితే నైరుతి లోటు కొన్నిసార్లు కొంత పూడుతుంది.

వేరుశనగకు ఈ తీరు రెండు దెబ్బలు. జూలై మొదట్లో విత్తితే ఊడలు (పూత నుంచి నేలలోకి దిగే కాడలు) దిగి కాయ ఊరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అప్పుడు బెట్ట పడితే గట్టిపడ్డ ఎర్రనేలలోకి ఊడ దిగదు, దిగినా కాయలు లొట్టపోతాయి. తీరా పీకే వేళకు ముసురు పట్టుకుంటే కాయ చేలోనే మొలకెత్తుతుంది. కదిరి-6 లాంటి గుత్తి రకాల్లో గింజకు వెంటనే మొలవకుండా ఆపే నిద్రావస్థ ఉండదు మరి. కుప్ప తడిస్తే బూజు, దానివెంట అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం. పైగా ఎకరాకు 60–70 కిలోల విత్తనపప్పు ఖర్చు ముందే భూమిలో పోయాలి.

ఉలవకు ఎకరాకు 8–10 కిలోలు చాలు. మఖ, పుబ్బ కార్తెల్లో చల్లితే ఈశాన్యపు వానతోనే పెరుగుతుంది. వేరుశనగంత రాబడి రాదు. నీళ్లు నిలిచే చేనుకు అసలే పనికిరాదు.

లా నినా ఏడాదైతే, అంటే పసిఫిక్‌లోని ఆ భాగాలు మామూలుకన్నా చల్లబడితే, వేరుశనగే మేలు. ఈశాన్యం తగ్గుతుందన్న ధీమా మాత్రం వద్దు. 2021 లా నినా ఏడాదే, అయినా నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి నీట మునిగింది. ఒక్క వాయుగుండం చాలు.

ఎల్ నినో ఏడాది సగం చేనుకే వేరుశనగ వేయండి, అదీ 7 సాళ్లకు ఒక సాలు కందితో. కంది వేరు లోతుకు పోతుంది, ఈశాన్యపు వానా దానికి కలిసొస్తుంది. దుమ్మణిగే జల్లును పదును అనుకోవద్దు. తవ్వితే జానెడు లోతున మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి. పైతడికే విత్తితే మొలక వచ్చి వారంలో మాడుతుంది. జూలై దాటినా పదును రాకపోతే ఉలవకు మళ్లండి. అందుకే వేరుశనగ విత్తనపప్పుకు కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్ల మందు) ముందే పట్టించి పెట్టుకోవద్దు: మందు పట్టిన పప్పు తినడానికీ, అమ్మడానికీ పనికిరాదు.