పీఎస్‌పీ-3000: ఇన్నేళ్లు వాడాక చెబుతున్నా, దీన్ని మళ్లీ తయారు చేయాలా?

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ (హ్యాండ్‌హెల్డ్) పీఎస్‌పీని, అంటే ప్లేస్టేషన్ పోర్టబుల్‌ని, సోనీ మళ్లీ మార్కెట్లోకి తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎలా తేవాలన్న విషయంలో మాత్రం నాకు చాలా పట్టింపులున్నాయి. 2009లో కొన్న పీఎస్‌పీ-3000 నా దగ్గర ఇంకా ఉంది, దాంట్లో ఇంకా ఆడుతున్నాను. బ్యాటరీ మార్చాను, పాత్రల్ని నడిపే అనలాగ్ నబ్ మార్చాను, వెనక యూఎండీ (గేమ్ డిస్కు) మూత వదులైతే అదీ మార్చాను. స్క్రీన్, బటన్లు, మదర్‌బోర్డు మాత్రం కొన్నప్పటివే. చిన్ననాటి జ్ఞాపకాల మీద ప్రేమతో రాస్తున్న సమీక్ష కాదిది. ఈ వారం కూడా చేతిలో ఉన్న వస్తువు గురించి రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పీఎస్‌పీ 2004 డిసెంబరు 12న జపాన్‌లో, 2005 మార్చిలో అమెరికాలో వచ్చింది. అమెరికాలో మొదటి ధర 250 డాలర్లు. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అంటే నింటెండోదే అనుకుంటున్న రోజుల్లో 4.3 అంగుళాల వెడల్పాటి తెర, 480×272 పిక్సెళ్లు, ఇంట్లో టీవీకి పెట్టుకునే ప్లేస్టేషన్ 2కి దగ్గరగా కనిపించే బొమ్మ. ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ దాకా పోగలిగినా మొదట్లో గేములకు 222 దగ్గరే కట్టడి పెట్టారు. 2007లో అప్‌డేట్‌తో ఆ కట్టడి తీసేశారు. 2008లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్: చైన్స్ ఆఫ్ ఒలింపస్' ఆ పూర్తి వేగాన్ని వాడుకున్న గేమ్. ఇప్పుడు చూసినా ఇంత చిన్న మెషీన్ మీద అలా ఎలా నడిపారా అనిపిస్తుంది.

ఇన్నేళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే నచ్చింది గ్రాఫిక్స్ కాదు, కుడివైపు ఉన్న ఆ చిన్న పవర్ స్విచ్. పైకి ఒకసారి జరిపి వదిలితే చాలు, గేమ్ ఎక్కడుంటే అక్కడే ఆగి నిద్రపోతుంది. మళ్లీ జరిపితే రెండు మూడు సెకన్లలో అక్కడి నుంచే మొదలు. సేవ్ పాయింట్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, మెనూలు దాటనక్కర్లేదు. బస్సు వచ్చిందా, అమ్మ పిలిచిందా, స్విచ్ పైకి అనేసి జేబులో పెట్టుకోవడమే. అదే స్విచ్‌ని కిందికి జరిపితే బటన్లన్నీ లాక్ అవుతాయి, అలా పెట్టుకుని పాటలు వినేవాళ్లం. ఇప్పటి హ్యాండ్‌హెల్డ్‌లలో కొన్నిటికి ఈ సుఖం ఉంది, చాలావాటికి లేదు. విండోస్ మీద నడిచే వాటిలో నిద్రలోకి పంపి మళ్లీ లేపడం ఈ రోజుకీ ఒక టెన్షనే.

గేములు కూడా ఆ స్విచ్‌కి తగ్గట్టే ఉండేవి. 'లుమినెస్' ఒక ఆట అయిదు నిమిషాలు ఆడినా తృప్తే, గంట ఆడినా తృప్తే. 'లోకోరోకో'లో భూమిని ఎల్, ఆర్ బటన్లతో అటూ ఇటూ వంచడమే ఆట అంతా, మా ఇంట్లో గేముల జోలికి రాని పెద్దవాళ్లు కూడా ఆడారు. 'పటపాన్'లో నాలుగు బటన్లతో డప్పు కొడుతూ సైన్యాన్ని నడపాలి, తాళం తప్పితే సైన్యం ఆగిపోతుంది. ఇవి టీవీ గేముల్ని కుదించి తెచ్చినవి కావు, అరచేతి కోసం ఆలోచించి చేసినవి. 'మాన్‌స్టర్ హంటర్' కూడా అంతే. ఒక్కో వేటకు మహా అయితే యాభై నిమిషాల గడువు, నలుగురు పక్కపక్కన కూర్చుంటే నాలుగు పీఎస్‌పీలు వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రూటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆడ్‌హాక్ అనేవాళ్లం దాన్ని. జపాన్‌లో పీఎస్‌పీ అంతగా అమ్ముడుపోవడానికి పెద్ద కారణం ఆ గేమే. మా హాస్టల్లో 'టెక్కెన్: డార్క్ రిజరెక్షన్' అనే కొట్లాట గేమ్ ఆ పాత్ర పోషించింది. కరెంటు పోయినా పోటీ ఆగేది కాదు.

ఇక బాధలు. ఇవీ వివరంగా చెప్పాలి, ఎందుకంటే మళ్లీ తెస్తే సరిచేయాల్సినవి ఇవే.

మొదటిది అనలాగ్ నబ్. అది కర్ర కాదు, బల్లపరుపుగా జరిగే ఒక బిళ్ల. ఒక్కటే ఉంది, అదీ ఎడమవైపు దిగువన. కాసేపు ఆడితే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. కుడివైపు రెండోది లేకపోవడంతో కెమెరా తిప్పడానికి ఒక్కో గేమ్ ఒక్కో దారి వెతుక్కుంది. మాన్‌స్టర్ హంటర్ వాళ్లయితే బొటనవేలితో నబ్ నడుపుతూ, అదే చేతి చూపుడువేలిని వంకరగా మడిచి పైనున్న బాణం బటన్లు నొక్కేవాళ్లు. ప్రపంచమంతా దాన్ని 'క్లా' (పంజా) పట్టు అంటుంది. నేనూ అలాగే ఆడాను, ఇప్పుడు ఆడలేను. దీనికి మందు సోనీయే కనిపెట్టింది. తర్వాత తెచ్చిన తన హ్యాండ్‌హెల్డ్ వీటాలో పీఎస్‌పీ గేములు ఆడేటప్పుడు కుడి స్టిక్‌కి బాణం బటన్ల పని అప్పగించుకోవచ్చు. గేమ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా చేతినొప్పి పోయింది. కొత్త పీఎస్‌పీలో రెండో స్టిక్ ఉండి తీరాలి. 'అసలు రూపం చెడిపోతుంది' అనేవాళ్లు మాన్‌స్టర్ హంటర్‌లో ఒక్క పెద్ద వేట క్లా పట్టుతో ఆడి చూడాలి.

రెండోది తెర. నా 3000లో రంగులు బాగుంటాయి, ఎండలో కూడా పాత మోడళ్ల కంటే నయం. కానీ బొమ్మ వేగంగా కదిలినప్పుడు సన్నటి అడ్డగీతలు కనబడతాయి. ఈ మోడల్ వచ్చిన కొత్తలోనే అందరూ పట్టుకున్న లోపం అది. అంతకు ముందొచ్చిన 1000, 2000 మోడళ్లలో గీతలు లేవు, బదులుగా కదిలే వస్తువుల వెనక నీడలా మరక ఉండేది. ఈ సమస్య ఇప్పుడు సులువుగా తీరుతుంది, లెక్క కూడా ముచ్చటగా కుదురుతుంది. వీటా ఓఎల్‌ఈడీ తెర 960×544, అంటే పీఎస్‌పీకి సరిగ్గా రెట్టింపు. నాలుగు రెట్లు చేస్తే 1920×1088, అంటే మామూలు 1080పీ తెరకు ఎనిమిది గీతలే ఎక్కువ. పిక్సెళ్లు సాగదీయకుండా, మసక లేకుండా నిలబడతాయి.

మూడోది వైఫై. పీఎస్‌పీకి తెలిసింది 802.11బీ అనే పాత రకం వైఫై ఒక్కటే, డబ్ల్యూపీఏ2 భద్రత తెలియదు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న రూటర్లలో చాలావరకు దాన్ని దగ్గరకు రానివ్వవు. వచ్చినా పెద్ద ఉపయోగం లేదు, పీఎస్‌పీ లోపలి స్టోర్‌ని 2016లో మూసేశారు.

నాలుగోది యూఎండీ, ఇక్కడ నాకు కాస్త కోపం కూడా ఉంది. ఒక ప్లాస్టిక్ గూటిలో తిరిగే చిన్న డిస్క్, 1.8 జీబీ దాకా పడుతుంది. గరగరమని చప్పుడు చేస్తుంది, బ్యాటరీ తింటుంది, లోడింగ్‌కి సహనం కావాలి. గూటి మీది పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క కొన్నేళ్లకు జిగురు వదిలి ఊడిపోతుంది. నా డిస్కుల్లో కొన్నిటిని జాగ్రత్తగా అతికించి వాడుతున్నాను. డ్రైవ్ పోవాలంటే నాకేం అభ్యంతరం లేదు. డబ్బు పెట్టి కొన్న గేములు దాంతోపాటు పోవడమే అభ్యంతరం. 2009లో డ్రైవ్ లేని పీఎస్‌పీ గో తెచ్చినప్పుడు, అప్పటికే డిస్కులు కొన్నవాళ్లకు వాటిని డౌన్‌లోడ్‌గా మార్చుకునే దారి చూపలేదు. వీటా సమయంలో జపాన్‌లో మాత్రం యూఎండీ పాస్‌పోర్ట్ అని ఒక పద్ధతి పెట్టారు. ఇంట్లో ఉన్న డిస్కుని పీఎస్‌పీలో పెట్టి నమోదు చేసుకుంటే అదే గేమ్ తక్కువ ధరకు డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. అంటే చేయగలిగిన పనే. మిగతా దేశాలవాళ్లకు చేయలేదు, అంతే.

"ఇన్ని ఇబ్బందులు పడి ఆ డబ్బా ఎందుకు బావా, ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి కదా" అంటాడు మా బావమరిది. వాడి మాటలో న్యాయం ఉంది. పీఎస్‌పీ గేముల్ని ఫోన్లలో, కంప్యూటర్లలో నడిపించే పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ 2012 నుంచి ఉంది, ఉచితం, 2024లో ఐఫోన్ యాప్ స్టోర్‌లోకి కూడా వచ్చింది. ఓ మోస్తరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా నా పీఎస్‌పీ కంటే స్పష్టంగా ఆడిస్తుంది. ఎక్కడో ఉన్న స్నేహితుడితో ఇంటర్నెట్ మీద ఆడ్‌హాక్ ఆడొచ్చు. నేనూ వాడతాను. కానీ గాజు పలక మీద టెక్కెన్ ఆడలేం, వేలు ఎక్కడుందో వేలికే తెలియదు. బ్లూటూత్ కంట్రోలర్ పట్టుకుంటే మళ్లీ రెండు వస్తువులు మోయాలి. సరిగ్గా పటపాన్ తాళం కుదిరే వేళకి ఏదో లోన్ కంపెనీ ఫోన్ చేస్తుంది. అన్నిటికీ మించి, గేమ్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? సొంత డిస్కు నుంచి కాపీ తీసుకోవాలన్నా ముందు పనిచేసే పీఎస్‌పీ ఉండాలి. లేనివాళ్లకు నిజాయితీగా కొనుక్కునే దారి చాలా సన్నగా ఉంది. పీఎస్4, పీఎస్5లో కొన్ని పీఎస్‌పీ గేములు ఇస్తున్నారు, ఆ జాబితా చాలా చిన్నది, పైగా చాలావరకు టీవీ ముందు కూర్చోవాలి.

కాబట్టి మళ్లీ తేవాలి. కానీ 2018లో మొదటి ప్లేస్టేషన్‌ని చిన్న డబ్బాగా చేసి ప్లేస్టేషన్ క్లాసిక్ అని తెచ్చినట్టు మాత్రం తేకూడదు. ఇరవై గేములు బిగించి, వాటిలో కొన్నిటికి నెమ్మదిగా నడిచే 50 హెర్ట్జ్ యూరప్ వెర్షన్లు పెట్టి, కొత్తవి చేర్చుకునే దారి లేకుండా వంద డాలర్లకు అమ్మారు. కొద్ది నెలల్లోనే ధర బాగా పడిపోయింది. సెగా కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి 2020లో తన పాత హ్యాండ్‌హెల్డ్‌ని ఇంకా కుదించి గేమ్ గేర్ మైక్రో తెచ్చింది. తెర 1.15 అంగుళాలు, ఒక్కో రంగు డబ్బాలో నాలుగేసి గేములు. షోకేసులో అందంగా ఉంటుంది, ఆడటానికి కష్టం. 2021 చివర్లో అనలాగ్ అనే కంపెనీ తెచ్చిన హ్యాండ్‌హెల్డ్ 'పాకెట్' నాకు నచ్చిన దారి. నింటెండో గేమ్ బాయ్ పాత కార్ట్రిడ్జ్‌లు నేరుగా పెట్టుకోవచ్చు, తెర మాత్రం 1600×1440. పాత కొనుగోలుకి గౌరవం ఇచ్చి, కళ్లకు కొత్త సుఖం ఇచ్చింది.

సోనీకి నిజంగా కష్టమైన చోటు హార్డ్‌వేర్ కాదు, హక్కులు. 2006 నాటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో గేమ్ 'వైస్ సిటీ స్టోరీస్'లో ఇంగ్లీషు గాయకుడు ఫిల్ కొలిన్స్ స్వయంగా ఒక పాత్ర, ఆయన్ని కాపాడే మిషన్లు, ఆయన కచేరీ ఉంటాయి. రేడియోలో అసలు పాటలు. ఇలాంటి గేమ్‌ని మళ్లీ అమ్మాలంటే పాటల హక్కుల దగ్గరి నుంచి అన్నీ మళ్లీ మాట్లాడుకోవాలి. దాని జంట గేమ్ 'లిబర్టీ సిటీ స్టోరీస్' 2015లో ఫోన్లలోకి వచ్చింది, ఇది రాలేదు. బాగా పేరున్నవాటికి ఎలాగో దారి దొరుకుతుంది. 'లుమినెస్' 2018లో, 'క్రైసిస్ కోర్' 2022లో కొత్త రూపంలో వచ్చాయి. నా బెంగ పేరులేనివాటి గురించి. హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర అనే స్టూడియో 2009లో 'దేశీ అడ్డా' అని పీఎస్2కీ పీఎస్‌పీకీ ఒక గేమ్ చేసింది. కబడ్డీ, గోటీబిళ్ల, గాలిపటాల పోటీ అందులో ఉన్నాయి. గొప్ప గేమ్ అనను, కంట్రోల్స్ మొరటుగా ఉంటాయి. కానీ మన ఊళ్లో కూర్చున్నవాళ్లు మన ఆటల్ని సోనీ మెషీన్ మీదికి ఎక్కించారు. ఇరవై గేముల మినీ డబ్బాలో దానికి చోటు దొరకదు. పాత డిస్కుల్ని నమోదు చేసుకోనిచ్చే పద్ధతి ఉంటేనే అలాంటివి బతుకుతాయి.

నాకు కావలసిన కొత్త పీఎస్‌పీ ఇది: అదే వెడల్పు, అదే స్విచ్, రెండు స్టిక్‌లు, ఓఎల్‌ఈడీ తెర, టైప్-సీ చార్జింగ్, మామూలు మైక్రోఎస్‌డీ కార్డు, విప్పి మార్చుకోగల బ్యాటరీ, పక్కనున్న మనిషితో రూటర్ లేకుండా ఆడ్‌హాక్. మెమరీ స్టిక్ ప్రో డుయో లాంటి సొంత కార్డు మళ్లీ అంటగడితే కొనను. డిస్కుకి విడిగా ఒక చిన్న డ్రైవ్ అమ్మినా సరే, పాస్‌పోర్ట్ పద్ధతి పెట్టినా సరే. ఇవన్నీ ఉంటే మంచి ఫోన్ ధర పెట్టడానికి నేను సిద్ధం. బయటి కంపెనీల ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌లు వీటిలో సగం ఇప్పటికే ఇస్తున్నాయి, గేముల హక్కులు మాత్రం సోనీ చేతిలోనే ఉన్నాయి. ఆ పని ఇంకెవరూ చేయలేరు.

అంతవరకు సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు నా అనుభవం: 2000 గానీ 3000 గానీ తీసుకోండి. పీఎస్‌పీ-ఈ1000 (E1000) అనే మోడల్లో వైఫైయే లేదు కాబట్టి ఆడ్‌హాక్ ఉండదు, పీఎస్‌పీ గోలో డిస్కు పట్టదు. కొనేముందు బ్యాటరీ మూత తీసి చూడండి, ఉబ్బి ఉంటే ఆ బ్యాటరీని వాడొద్దు, బ్యాటరీ తీసేసి నేరుగా చార్జర్ మీద కూడా పీఎస్‌పీ నడుస్తుంది కాబట్టి అలాగే పరీక్షించండి. నబ్‌ని నాలుగు మూలలకూ తిప్పి వదిలితే మధ్యకు రావాలి. రాకపోయినా భయం లేదు, అది చవగ్గా మారుతుంది. ఒక యూఎండీ పెట్టి పది నిమిషాలు ఆడి చూడకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి, ఎందుకంటే లేజర్ పోయిన మెషీన్లే మార్కెట్లో ఎక్కువ తిరుగుతున్నాయి. నెలల తరబడి ఆడకుండా పక్కన పెట్టేటప్పుడు బ్యాటరీ బయటికి తీసి ఉంచండి.