స్లైస్ తగ్గించే డ్రిల్స్: డాబా మీద చాలాకాలం చేశాక ఏవి నిలిచాయి, ఏవి వదిలేశాం

గోల్ఫ్‌లో స్లైస్‌కి, అంటే కొట్టిన బంతి గాల్లో కుడికి వంగిపోవడానికి, మందు అంటూ చెప్పే డ్రిల్స్‌కి లెక్కలేదు. విజయవాడలో ఇంటి డాబా మీద వల కట్టుకుని ఏళ్ల తరబడి చేశాక పనికొస్తాయని తేలినవి మాత్రం నాలుగైదే. వాటిని కూడా వరస తప్పి చేస్తే ఫలితం ఉండదు. ముందు ఫేస్ (క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, బంతిని తాకే ముఖం), తర్వాతే స్వింగ్ దారి (క్లబ్ కదిలే దిశ): మా అనుభవంలో గట్టిగా నిలబడిన మాట ఇది. కింద రాసిందంతా కుడిచేతి ఆటగాళ్ల కోసం. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చుకోవాలి.

బంతి ఏ దిక్కుగా బయలుదేరాలో ఎక్కువగా నిర్ణయించేది, తగిలే క్షణంలో క్లబ్ ఫేస్ ఎటు చూస్తోందన్నది. డ్రైవర్‌కి (దూరం కొట్టే పొడవాటి క్లబ్) దాని వాటా 85 శాతం దాకా, ఐరన్లకి (చిన్న లోహపు తల ఉన్న క్లబ్బులు) 75 శాతం దాకా ఉంటుందని చెబుతారు. గాల్లో వంపు తిరగడానికి కారణం వేరు. స్వింగ్ దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే వంపు అంత ఎక్కువ. లాఫ్ట్ (ఫేస్ పైకి వాలిన కోణం) తక్కువ కాబట్టి డ్రైవర్‌లో అదే తేడాకి బంతి తిరిగే ఇరుసు మరింత పక్కకి వాలుతుంది, వంపు పెరుగుతుంది. ఏడో ఐరన్‌తో బాగానే వెళ్తున్న మనిషి డ్రైవర్ పట్టగానే బంతి పక్క హోల్ మైదానంలో పడేది అందుకే.

స్లైస్ కొట్టేవాళ్లలో ఎక్కువమందికి స్వింగ్ బయట నుంచి లోపలికి, అంటే ఎడమకి కోసుకుంటూ వస్తుంది. అది చూసి అందరూ మొదట దారి సరిచేసే డ్రిల్ మొదలుపెడతారు. ఫేస్ ఇంకా తెరుచుకునే ఉంటుంది కనుక, దారి కుదిరేకొద్దీ బంతి కుడికే బయలుదేరి ఇంకా కుడికి పోతుంది. భయపడి వారం తిరక్కుండా పాత స్వింగ్‌కి వచ్చేస్తారు. ఫేస్ ముందు కుదిరితే బంతి ఎడమకి పోవడం మొదలవుతుంది. ఎడమకి పోతున్న బంతిని చూస్తూ ఎడమకి కోసే స్వింగ్‌ని శరీరం తనంతట తానే తగ్గించుకుంటుంది. మిగిలిన పనికి డ్రిల్ చాలు.

డాబా మీద ఉన్న చిక్కు ఏమిటంటే వంపు కనపడదు. బంతి మూడు మీటర్లలో వలకి తగిలి కింద పడుతుంది. ఏ కొలతా పెట్టుకోకుండా వలలోకి వంద బంతులు కొడితే పాత తప్పే గట్టిపడుతుంది. అందుకని డ్రిల్స్ కంటే ముందు కొలతల సంగతి.

వలకి అవతల, లక్ష్యానికి సూటిగా, పైనుంచి ఓ ఎర్ర తాడు వేలాడదీయండి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటి బరువు కింద కడితే గాలికి ఊగదు. బంతి నుంచి వలకి మూడు మీటర్లుంటే ఒక డిగ్రీ అంటే ఐదు సెంటీమీటర్లు. తాడుకి రెండువైపులా ఐదేసి సెంటీమీటర్లకి ఒక గుడ్డపీలిక కట్టుకుంటే బయలుదేరిన కోణం కళ్లకి కనపడుతుంది. తాడుకి కుడివైపు నాలుగో పీలిక దగ్గర తగిలిందంటే నాలుగు డిగ్రీలు. వంపు లేకపోయినా 200 గజాల దూరంలో అది 12 మీటర్ల పైచిలుకు తప్పు.

రెండో కొలత, ఫేస్ మీద బంతి తగిలే చోటు. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెడితే ఫేస్ మీద ముద్ర పడుతుంది. ఇది మిగతా అన్నిటికంటే ముందు చూడాలి. డ్రైవర్‌లో మడమ వైపు (ఫేస్‌లో కర్ర బిగించి ఉన్న వైపు) తగిలిన బంతికి, దారీ ఫేసూ సరిగ్గా ఉన్నా, గేర్ ఎఫెక్ట్ (మధ్యలో తగలనప్పుడు తల మెలితిరిగి బంతికి ఎదురు స్పిన్ ఇవ్వడం) వల్ల కుడికి తిరిగే స్పిన్ వస్తుంది. ముద్రలన్నీ మడమ వైపే ఉంటే మీది స్వింగ్ రోగం కాక, నిలబడే దూరం రోగం కావచ్చు. కొన్నాళ్లు బంతిని ఫేస్ కొస (మడమకి అవతలి చివర) వైపుకి ఎదురుగా పెట్టుకుని నిలబడి, తగిలేటప్పుడు మధ్యలో తగిలించండి. ముద్ర మధ్యకి రావడంతోనే స్లైస్ సగానికి తగ్గేవాళ్లు ఉంటారు. కొస వైపు తగిలితే దీనికి తిరగబడి ఎడమకి తిరిగే స్పిన్ వస్తుంది, అది తెరుచుకున్న ఫేస్‌ని కూడా కప్పిపుచ్చుతుంది. అందుకే ముద్ర చూడకుండా దిక్కు మాత్రమే చూస్తే మోసపోతాం.

ఇక ఫేస్. మొదటి పని గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు), ఇందులో డ్రిల్ ఏమీ లేదు. క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు రెండున్నర, మూడు దాకా కనపడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూడాలి. ఒక్క మెటికే కనపడుతుంటే కింది డ్రిల్స్ ఏవీ మొదలుపెట్టకండి. గ్రిప్ మార్చాక కొంతకాలం చేతికి ఎబ్బెట్టుగా ఉంటుంది, చెయ్యి దానంతటదే పాత చోటికి జారుతుంది. ప్రతి బంతికీ చెయ్యి తీసి మళ్లీ పట్టుకోవాలి. బాగుందని అదే పట్టుతో వరసగా కొట్టకూడదు.

మన ఊరి వేడి ఇక్కడ అడ్డం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికే చేతులు చెమటతో జారతాయి. జారుతున్న క్లబ్‌ని గట్టిగా బిగిస్తాం. బిగిస్తే ముంజేతులు తిరగవు, ఫేస్ మూసుకోదు. గ్లౌజులు రెండు పెట్టుకుని మార్చి మార్చి ఆరబెట్టుకోవాలి. క్లబ్ పిడి రబ్బర్లని అప్పుడప్పుడు సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరనివ్వాలి.

రెండోది స్కేలు డ్రిల్. పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలుని ఎడమచేతి గ్లౌజు పట్టీ కిందుగా, చేతి వెనకవైపుకి దోపాలి. స్వింగ్ పైకి వెళ్లినప్పుడు మణికట్టు వెనక్కి మడిస్తే స్కేలు చేతివెనక గుచ్చుకుంటుంది. ఆ మడతే ఫేస్‌ని తెరిచేది. మణికట్టు చదునుగా ఉంటే స్కేలు ఉన్నట్టే తెలియదు. బంతి లేకుండా, నెమ్మదిగా చేయాల్సిన డ్రిల్ ఇది. ఫుల్ స్వింగ్‌లో స్కేలు విరుగుతుంది. స్టీలు స్కేలు అసలే వద్దు. ఎండాకాలం గదిలో ఫ్యాన్ కింద చేసుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు.

మూడోది ఏడో ఐరన్‌తో సగం స్వింగ్: ఎడమచెయ్యి నేలకి సమాంతరం అయ్యేదాకా వెనక్కి, కుడిచెయ్యి సమాంతరం అయ్యేదాకా ముందుకి. వెనక్కి వెళ్లేటప్పుడు షాఫ్ట్ (క్లబ్ కర్ర) నడుము ఎత్తుకి రాగానే ఆగి చూడండి. ఫేస్ ఆకాశం వైపు తిరిగి ఉంటే అప్పుడే తెరుచుకున్నట్టు. క్లబ్ కొస మీ వెన్నువంపుకి సమంగా కొంచెం ముందుకి వాలి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కొట్టాక అదే ఎత్తులో కొస పైకి చూడాలి. క్రికెట్ ఆడి వచ్చినవాళ్లకి ఇది కష్టం. కవర్ డ్రైవ్‌లో ఎడమ మోచెయ్యి ఎత్తి, బ్యాట్ ముఖాన్ని గీత వెంబడి తెరిచి ఉంచడం ఏళ్ల అలవాటు. అదే మోచెయ్యి గోల్ఫ్‌లో స్లైస్ పుట్టిస్తుంది. వాళ్లకి పనికొచ్చే మాట ఒకటే: కవర్ డ్రైవ్ మర్చిపోయి, ప్యాడ్ల మీది బంతిని మిడ్‌వికెట్ వైపు ఫ్లిక్ చేసే మణికట్టుని గుర్తుచేసుకోండి. ముంజేతులు అటే తిరగాలి.

ఈ మూడూ చేస్తుంటే బంతి వల మీద తాడుకి ఎడమవైపు పడటం మొదలవుతుంది. చాలామంది దీన్ని కొత్త రోగం అనుకుని ఆపేస్తారు. ఇదే మంచి గుర్తు, ఆపకండి. డ్రైవర్‌తో కూడా ఎడమవైపు పీలికల మీదే వరసగా పడుతున్నప్పుడు దారి సంగతి పట్టుకోవాలి.

దారికి అన్నిటికంటే నమ్మదగ్గది అడ్డం పెట్టే డ్రిల్. బంతికి ఓ అడుగు వెనక, లక్ష్యపు గీతకి అవతలివైపు, అంటే మీకు దూరంగా ఉండే వైపు, ఖాళీ బూట్ల అట్టపెట్టె పెట్టండి. డ్రైవర్‌కి గీత నుంచి పెట్టె అంచు దాకా పది సెంటీమీటర్లతో మొదలుపెట్టి ఎనిమిదికి తగ్గించుకోండి. ఐరన్ తల చిన్నది కాబట్టి ఇంకో రెండు లోపలికి జరపాలి. స్వింగ్ బయట నుంచి వస్తే పెట్టె ఎగిరిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఖాళీ వాటర్ బాటిల్ కూడా పనికొస్తుంది గానీ గాలి ఉన్నరోజు నిలబడదు. ఇటుకలు, కర్రలు, పైపులు మాత్రం అక్కడ పెట్టకండి. క్లబ్ విరిగితే తల ఎటు ఎగురుతుందో తెలియదు.

పెట్టె మాటిమాటికీ ఎగురుతుంటే కారణం దాదాపుగా భుజాలే. కిందికి దిగేటప్పుడు చేతుల కంటే ముందు కుడి భుజం బయటికి తిరుగుతుంది. పైన ఒక క్షణం ఆగి, వీపు ఇంకా లక్ష్యం వైపే ఉంచి, చేతులని నడుము దాకా దింపండి. మళ్లీ పైకి తీసుకెళ్లండి. ఇలా రెండుసార్లు దింపి, మూడోసారి ఆగకుండా కొట్టేయండి. వేగం మీకున్న బలంలో అరవై, డెబ్బై శాతం చాలు. పూర్తి బలంతో కొడితే భుజం మళ్లీ ముందుకొస్తుంది.

కుడికాలు ఇరవై సెంటీమీటర్లు వెనక్కి వేసి కొట్టే డ్రిల్ గురించి మా అభిప్రాయం మిశ్రమం. లోపలినుంచి వచ్చే భావన తొందరగా ఇస్తుంది, నిజమే. కాకపోతే కాలితో పాటు భుజాలు కూడా కుడికి గురిపెట్టేస్తాయి, ఆ గురి తర్వాత వదలదు. పది బంతులు కొట్టి మామూలు నిలకడకి వచ్చేయాలి. చంకలో తువ్వాలు పెట్టుకునే డ్రిల్ స్లైస్ వరకు వదిలేశాం. చిన్న షాట్లకి బాగుంటుంది, డ్రైవర్‌లో తెరుచుకున్న ఫేస్‌ని అది ముట్టుకోదు. రంధ్రాల ప్లాస్టిక్ బంతులతో వంపు చూసి తీర్పు చెప్పకండి, వాటి తీరు అసలు బంతిది కాదు.

ఫోన్‌తో స్లోమోషన్ తీసేటప్పుడు కెమెరా బంతికి వెనక లక్ష్యం వైపు చూస్తూ, చేతుల ఎత్తులో, చేతుల గీతకి సూటిగా ఉండాలి. అడుగు అటూఇటూ జరిగినా సరైన దారి వంకరగా, వంకరది సరిగ్గా కనపడుతుంది.

వల విషయంలో ఒక హెచ్చరిక. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. క్రికెట్ ప్రాక్టీసు వలల్లో 50 మిల్లీమీటర్ల కన్ను ఉన్నవి ఉంటాయి, అందులోంచి బంతి నేరుగా దూసుకుపోతుంది. కన్ను 25 మిల్లీమీటర్లకి మించకూడదు. ఫ్రేము ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకోవచ్చు గానీ వలని దానికి బిగించి కట్టకండి, బంతి మీ మీదికే తిరిగొస్తుంది. వదులుగా, కింద మడతపడేలా వేలాడాలి. వెనక మరో పొర పాత దుప్పటి ఉంటే మంచిది. మన ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది. వేసవి దాటాక ప్రతి మూలా చేత్తో లాగి చూడండి, దారం తెగితే ఆ రోజే వల మార్చేయండి. పిట్టగోడ అవతల పక్కింటివాళ్లు ఉంటారు. మ్యాటు కింద మందపాటి రబ్బరు షీటు వేయకపోతే కాంక్రీటు దెబ్బ మోచేతికి ఎక్కుతుంది.

డ్రా (బంతి ఎడమకి వంగడం) వైపు బరువు పెట్టిన డ్రైవర్ కొనాలా అంటే, ఇవన్నీ కుదిరాకే. స్లీవ్ (తలని కర్రకి బిగించే తొడుగు) తిప్పుకునే డ్రైవర్ ఇప్పటికే ఉంటే లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచి చూడండి, ఫేస్ కాస్త మూసుకుంటుంది. వంపు తగ్గుతుంది గానీ పోదు.

హైదరాబాదులోనో విశాఖలోనో కోర్సుకి వెళ్లినప్పుడు మొదటి బకెట్టు బంతుల్లో సగం, ఏడో ఐరన్ సగం స్వింగ్‌కే కేటాయించండి. తర్వాత డ్రైవర్. దూరంలో ఒక చెట్టుని తాడుగా ఎంచుకోండి. ఎడమకి బయలుదేరి కుడికి వంగితే దారి ఇంకా మిగిలి ఉంది, ఇంటికొచ్చాక పెట్టె డ్రిల్. కుడికి బయలుదేరి ఇంకా కుడికి పోతే ఫేసే, మళ్లీ గ్రిప్ నుంచి. ఎడమకి బయలుదేరి ఎడమకే వంగితే గ్రిప్‌లో అర మెటిక తగ్గించండి. కోర్సులో ఉండగా ఒక్క మార్పుకి మించి చేయకండి, అక్కడ చూసింది రాసిపెట్టుకుని డాబా మీదికి తెచ్చుకోండి.