బొంతలకు బట్ట కోయడానికి రోటరీ కట్టర్: నాలుగేళ్లు వాడాక

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. నేను కొత్త కాటన్‌ ముక్కలతో కుడతాను. మొదట్లో కత్తెరతోనే కోసేదాన్ని. కత్తెర పడిన ప్రతిసారీ బట్ట బల్ల మీంచి లేచి, కింది పొర జరిగిపోయేది. అందుకే 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్ (పిడికి బిగించిన గుండ్రటి బ్లేడు, చక్రంలా దొర్లుతూ కోస్తుంది), కింద పరుచుకుని కోయడానికి 24x36 అంగుళాల మ్యాట్, 6x24 అంగుళాల అక్రిలిక్ స్కేలు కొన్నాను.

పట్టీలు కోయడానికి దీన్ని మించింది లేదు. 44 అంగుళాల పన్నాను (బట్ట వెడల్పును) అంచుకు అంచు కలిపి మడిస్తే 22 అంగుళాలు. స్కేలు ఒక్కసారి పెడితే చాలు. కానీ స్కేలు మడతకి సరిగ్గా లంబంగా ఉండాలి. కాస్త వాలినా, విప్పాక పట్టీ మధ్యలో మోచేయిలా వంగుతుంది. నా మొదటి బొంతలో పదకొండు పట్టీలు అలాగే పాడయ్యాయి, ఏడుపొచ్చేసింది. ఇంకో చిక్కు, సగం కోసేసరికి స్కేలు రెండో చివర పక్కకి జారడం. ఇప్పుడు స్కేలు నొక్కిన చేయి ఉన్నంతవరకే కోసి ఆగుతాను. బ్లేడు అక్కడే ఉంచి, ఆ చేతిని పైకి జరిపి, మళ్లీ కోస్తాను.

నాలుగు పొరలు కోయాలంటే 60 మిల్లీమీటర్ల బ్లేడే హాయి. 45తో రెండుసార్లు గీయాల్సి వచ్చేది.

బొంత అడుగుబట్టకి మాత్రం కట్టర్ ముట్టుకోను. 60x90 అంగుళాల బొంతకి రెండున్నర మీటర్లకు పైనే ఉన్న ముక్కలు రెండు కావాలి. అంత బట్టను మ్యాట్ మీద జరుపుతూ కోస్తే, జరిపిన ప్రతిచోటా గీత విరుగుతుంది. ఉతికి ఆరిన సాదా కాటన్‌కి అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చింపుతాను. పోగు వెంటే చిరుగుతుంది, ఏ స్కేలూ ఇవ్వనంత తిన్నగా. అంచున అర అంగుళం సాగుతుంది, దాన్ని తీసేస్తే సరి. గళ్ల బట్టల్లో అచ్చువేసిన గళ్లు పోగుతో కలవకపోతే మాత్రం చింపకండి, డిజైను వంకరగా కనిపిస్తుంది.

మన సముద్రపు గాలికి బ్లేడు తుప్పు పడుతుంది. పని కాగానే తుడిచి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాస్తాను. పోగులు వదిలేయడం మొదలైతే బ్లేడు మార్చాల్సిందే. ఒకసారి మే నెలలో మ్యాట్‌ను బాల్కనీ గోడకి ఆనించి మర్చిపోయాను, ఎండకి వంగిపోయింది. పరుపు కింద నెల్లాళ్లు పెట్టినా ఓ మూల ఇప్పటికీ లేచే ఉంది. ఆ మూల మీద స్కేలు ఊగుతుంది, కాబట్టి అటువైపు కోయడం మానేశాను.

కొత్తగా కొనేవాళ్లు కట్టర్ కంటే మ్యాట్ మీద ఎక్కువ డబ్బు పెట్టండి. మీ బల్ల పట్టినంత పెద్దది తీసుకోండి.