సెంటు భూమి లేనివాడికి గ్రూపు లోను: 2015 నుంచి నా అనుభవం

పశ్చిమ గోదావరి డెల్టాలో రెండున్నర ఎకరాలు కౌలుకి చేస్తాను. నా పేరు మీద సెంటు భూమి లేదు. 2015 సార్వా (వానాకాలం వరి) నుంచి గ్రామీణ బ్యాంకు ఇచ్చే జేఎల్‌జీ అప్పు వాడుతున్నాను. కాగితాల మీద ఉమ్మడి బాధ్యత సంఘం అని ఉంటుంది గానీ, మా ఊళ్లో అందరూ గ్రూపు లోను అనే అంటారు. చేరొచ్చా అని కౌలు చేసే కుర్రాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

వ్యవసాయ రుణాలు చూసే జాతీయ బ్యాంకు నాబార్డు పెట్టిన పద్ధతి ఇది. నలుగురి నుంచి పదిమంది దాకా ఒక గ్రూపు కట్టాలి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు పనికిరారు. తాకట్టు లేదు, భూమి పాస్‌బుక్కు అడగరు. అప్పు ఎవరిది వాళ్లకే ఇస్తారు, కానీ ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్లు కట్టాలి. మేం ఐదుగురం. డ్వాక్రాలో లాగా నెలనెలా పొదుపు, మీటింగు ఏమీ లేవు. "మగాళ్ల సంఘం ఏడాదికి రెండుసార్లే కలుస్తుంది, తెచ్చుకునే రోజు, కట్టే రోజు" అని మా ఇంటావిడ ఎగతాళి చేస్తుంది.

మంచి ముందు చెప్పాలి, వడ్డీ. ఊళ్లో నూటికి రెండు రూపాయలు. 50 వేలు తెస్తే నెలకి వెయ్యి, ఏడాదికి 12 వేలు. అదే ఈ గ్రూపు లోను పంట రుణం కింద 7 శాతానికి ఇస్తారు, గడువులో కడితే 3 శాతం వెనక్కి వస్తుంది. అంటే ఏడాదికి రెండు వేలతో పోతుంది. మిగిలిన పదివేలు నాకు ఎరువుల డబ్బు. ఈ ఒక్క లెక్క కోసమే ఇన్నేళ్లూ గ్రూపులో ఉన్నాను.

మొదట తలా 25 వేలు ఇచ్చారు, తర్వాత 50 వేలు చేశారు. అక్కడే ఆగిపోయింది. రెండున్నర ఎకరాల దాళ్వాకి (రెండో పంట వరికి) అది ఏ మూలకీ రాదు. పైగా డబ్బు చేతికొచ్చేది ఊడ్పులు అయిపోయాక. మొదటి ఏడాది ఆగస్టు ఆఖరుకి పడింది. అప్పటికే దుక్కికీ, నాటు కూలీలకీ ధాన్యం కొనే కమీషన్ కొట్టాయన దగ్గర తెచ్చేశాను. కొట్టాయన దగ్గర తెస్తే ధాన్యం ఆయనకే వెయ్యాలి, ధర ఆయన చెప్పిందే.

తిరగరాయడం ఇంకో తలనొప్పి. ఏడాది తిరిగేలోపు మొత్తం కట్టి మళ్లీ తీసుకోవాలి. చేతిలో అంత ఉండదు కదా, మూడు రోజులకని బయట తెచ్చి కట్టాం. రెండు రోజుల్లో ఇస్తామన్న బ్యాంకువాళ్లు పదకొండు రోజులు తిప్పారు. ఆ పదకొండు రోజులూ టెన్షనే. సర్వర్ పనిచేయట్లేదన్నారు, మేనేజరు సెలవన్నారు.

ఇక పూచీ సంగతి. 2018లో మా ఐదోవాడు చెప్పాపెట్టకుండా హైదరాబాదు పోయాడు, అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పనికి. ఫోను స్విచాఫ్. వాడి బాకీ 25 వేలు, వడ్డీతో కలిపి 26,750. అది కట్టకపోతే మా నలుగురికీ కొత్త అప్పు రాదు. రాత్రి మా అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్నాం. తలా ఆరువేల ఏడొందలు. ఒకాయన పాలకేంద్రం డబ్బు తెచ్చాడు, అన్నీ పదులూ ఇరవైలూ, రబ్బరు బ్యాండు కట్టలు. లెక్కపెట్టడానికే అరగంట పట్టింది. ఎవరూ వాడిని తిట్టలేదు, అదే విచిత్రం. తర్వాత రెండు సంక్రాంతులకి వచ్చి కొంత ఇచ్చాడు, మొత్తం ఇవ్వలేదు. వాళ్లావిడ చెవులకి దుద్దులు లేవు. మిగతాది అడగడానికి మాకు నోరు రాలేదు.

అందుకే కుర్రాళ్లకి ఒకటే చెప్తాను. స్నేహితులని కాదు, మీ బోదె (చేలకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ) కింద చేసేవాళ్లని చేర్చుకోండి. ఎవడి చేను ఎలా ఉందో రోజూ కంటికి కనబడుతుంది. దీంట్లో ఒక చిక్కు ఉందనుకోండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఒకే బోదె కాబట్టి గ్రూపులో అందరి చేలూ ఒకేసారి పడిపోయాయి. ఒకడు పడితే మిగతావాళ్లు లేపుతారు, అందరూ పడితే ఎవరి పూచీ ఎవరికి? తడిసిన ధాన్యం అడిగిన ధరకి ఇచ్చేసి, చాలని దానికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకుకి కట్టాం. నాలుగు శాతం అప్పు తీర్చడానికి ఇరవై నాలుగు శాతం అప్పు.

అన్నిటికన్నా పెద్ద అడ్డం కౌలు కార్డు. పాస్‌బుక్కు అడగరు గానీ కౌలు చేస్తున్నట్టు రుజువు మా బ్రాంచిలో అడుగుతారు. మేం చేరినప్పుడు 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డు ఉండేది. 2019 చట్టంతో పంట సాగుదారు హక్కు పత్రం వచ్చింది, పదకొండు నెలలకే చెల్లుతుంది, పొలం గలాయన సంతకం ఉండి తీరాలి. ఏటా ఆయన గుమ్మం ఎక్కాలి. ఒకసారి "ఏవయ్యా, సంతకం పెడితే రేపు పొలం నీదంటావేమో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, పెట్టలేదు మాత్రం. అసలు కారణం తర్వాత తెలిసింది. అదే సర్వే నంబరు చూపించి ఆయన బంగారం మీద పంట రుణం తీసుకున్నాడు. ఒకే చేనుకి రెండు పంట రుణాలు ఇవ్వరు. చేను చేసేది నేను, పంట రుణం ఆయనకి.

మూడేళ్లుగా గ్రూపులో ఇద్దరికి కార్డు లేదు. ఫీల్డాఫీసరు మంచాయన కాబట్టి పాత రికార్డు చూసి తిరగరాస్తున్నాడు. ఆయన బదిలీ అయితే ఏమవుతుందో.

ఈ ఏడు మా పొలం గలాయన హైదరాబాదులో కొడుకు దగ్గరున్నాడు. ఫోన్లో సరే అన్నాడు. కాగితం కవర్లో పెట్టి ట్రావెల్స్ బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపాను. నారుమడి పోసి పన్నెండు రోజులైంది, కాగితం ఇంకా తిరిగి రాలేదు.