గ్రూపా, ఛానలా, వాయిస్ నోట్ల నంబరా? పాడ్‌కాస్ట్ శ్రోతలు నిలబడాలంటే ఏది మేలు

మైకు ఏది కొనాలి, ఎడిటింగ్ ఎందులో చేయాలి అని అడిగేవాళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ నాకు తరచుగా కనిపిస్తారు. విన్నవాళ్లు మళ్లీ రావాలంటే ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు పని అదే. పాడ్‌కాస్ట్ యాప్‌లు ఎంతమంది విన్నారో చెబుతాయి గానీ ఎవరు విన్నారో చెప్పవు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూతపడింది. శ్రోతలతో నేరుగా మాట్లాడే దారి లేనివాళ్లకి, అందులో వినేవాళ్లు ఆ తర్వాత ఎటు వెళ్లారో తెలుసుకునే వీలు లేకపోయింది. అందుకే యాప్‌తో సంబంధం లేని దారి మన చేతిలో ఒకటి ఉండాలి. అది ఏదన్నదే ప్రశ్న.

బేరీజు వేయడానికి కొలత కోసం దూరం వెళ్లక్కర్లేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ఉంది. ఆ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన ధర్మసందేహాలు కార్యక్రమం ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. శ్రోతలు ఉత్తరం రాస్తే ఆయన రేడియోలో జవాబిచ్చేవారు. తాను అడిగిన మాట తిరిగి రేడియోలో వినిపించడం కంటే శ్రోతకి ఏం కావాలి? అందుకని నేను ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్న అడుగుతాను: శ్రోత మాట కార్యక్రమంలోకి తిరిగి వస్తుందా?

అందరికీ మొదట తట్టేది వాట్సాప్ గ్రూపు. నిమిషంలో తయారవుతుంది, 1,024 మంది దాకా పడతారు, మన ఊళ్లో వాట్సాప్ లేని ఇల్లు దాదాపు లేదు. మొదటి వారం కళకళలాడుతుంది. తర్వాత గుడ్ మార్నింగ్ బొమ్మలు, షుగరు తగ్గించే కషాయాలు, అమరావతి దగ్గర ప్లాట్ల ప్రకటనలు వచ్చిపడతాయి. ఎన్నికల కాలమైతే చెప్పక్కర్లేదు. ఎపిసోడ్ గురించి ఎవరైనా మంచి మాట రాసినా సాయంత్రానికి ఎక్కడో కింద కూరుకుపోతుంది. ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఫోన్ నంబరు. గ్రూపులో ఉన్నవాళ్లందరికీ అది కనిపిస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాత్రి పదింటికి గ్రూపులో ఉన్న ఒకావిడకి ‘హాయ్ మేడమ్’ అని మెసేజ్ పెడితే ఆవిడ ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోతుంది. ఎందుకు వెళ్లిందో మనకి తెలియదు. ఈ ఒక్క కారణం చాలు, అందరికీ తలుపులు తీసిన గ్రూపు వద్దనడానికి. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారిస్తే గోల తగ్గుతుంది, కానీ అప్పుడది నోటీసు బోర్డే.

నోటీసు బోర్డే కావాలనుకుంటే దానికి ఛానల్ ఉంది. వాట్సాప్‌లో 2023 నుంచి వచ్చింది. ఎవరి నంబరూ మిగతా ఫాలోయర్లకి కనిపించదు, సంఖ్యతో పేచీ లేదు, పోల్ పెట్టొచ్చు. కొత్త ఎపిసోడ్ వచ్చిందని చెప్పడానికి ఇంతకంటే సులువైనది లేదు. కానీ నా ప్రశ్నకి దీని జవాబు దాదాపు సున్నా. చప్పట్ల బొమ్మ నొక్కినవాళ్లు ఏం అనుకున్నారో ఎలా తెలుస్తుంది? టెలిగ్రామ్‌లో ఛానల్‌కి చర్చా గ్రూపు జోడించొచ్చు, నంబరు దాచుకోవచ్చు. పోటీ పరీక్షల పిల్లలకి పాడ్‌కాస్ట్ చేస్తుంటే అదే సరైన చోటు. గుంటూరు బ్రాడీపేటలో రిటైరైన మాస్టారు మీ శ్రోత అయితే మాత్రం, ఆయన చేత ఇంకో యాప్ వేయించడమే ఒక పెద్ద పని.

నాకు అన్నిటికంటే నచ్చింది వాయిస్ నోట్ల నంబరు, అంటే శ్రోతలు తమ మాట రికార్డు చేసి వాట్సాప్‌లో పంపే నంబరు. ఇంటి నంబరు కాకుండా వేరే సిమ్ తీసుకుని అందులో వాట్సాప్ బిజినెస్ వేసుకుంటే చాలు, యాప్ ఉచితం. ఎపిసోడ్ చివర ఆ నంబరు చెప్పి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటే ‘సూపర్ అండీ’ అని వస్తుంది. ‘ఏలూరు రోడ్డులో మీరు మొదట కొన్న పుస్తకం ఏది?’ అంటే కథ వస్తుంది. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర బేరమాడిన సంగతి ఒకావిడ వంటింట్లోంచే చెప్పారు. మధ్యలో కుక్కర్ కూత పడింది. ‘ఆగండి, మూడో విజిల్’ అని స్టవ్ కట్టేసి మళ్లీ అందుకున్నారు. ఆ కూత కత్తిరించకూడదు. అది విన్న ఇంకో ఇంటివాళ్లకి ‘మనమూ మాట్లాడొచ్చు’ అన్న ధైర్యం దాని వల్లే వస్తుంది. గొంతు వాడుకునే ముందు పంపినవాళ్ల అనుమతి అడగాలి, పేరు చెప్పాలా వద్దా కూడా వాళ్లే తేల్చాలి. ఇందులో కష్టం లేకపోలేదు. వచ్చిన ప్రతిదీ వినాలి, వాడనివాటికీ రెండు మాటలు జవాబివ్వాలి. ఆ ఓపిక లేకపోతే నంబరు ఇవ్వకపోవడమే మంచిది.

ఇక నెలకోసారి కలవడం. పదిహేను మంది వచ్చినా చాలు. ఏదైనా గ్రంథాలయంలో ఓ గది అడిగి, ఆదివారం సాయంత్రం గంటన్నర కూర్చుంటే అక్కడ పుట్టే చనువు ఏ యాప్‌లోనూ పుట్టదు. టీ, మిరపకాయ బజ్జీలు తప్ప పెద్ద ఖర్చు లేదు. గుంటూరుకీ బెజవాడకీ మధ్య ఉన్నది 35 కిలోమీటర్ల చిల్లరే కాబట్టి ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ పెట్టుకోవచ్చు. మే నెలలో మానుకోండి, ఆ ఎండకి ఎవరూ గడప దాటరు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నడిచే రోజుల్లో ఎలాగూ చాలామంది వస్తారు, ఆ నెల సమావేశం అక్కడికి దగ్గర్లో పెట్టడం తెలివైన పని. లోపం ఒక్కటే: హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న శ్రోత రాలేరు. ఆ గంటన్నరలో మంచి భాగం రికార్డు చేసి ఎపిసోడ్‌గా ఇస్తే కొంత వరకు తీరుతుంది.

డబ్బు కట్టే మెంబర్‌షిప్ గురించి అడుగుతారేమో. వాయిస్ నోట్లు వాటంతటవే రావడం మొదలయ్యే దాకా దాని జోలికి పోవద్దు.

నన్ను అడిగితే వరుస ఇది: మొదటి ఎపిసోడ్ నుంచే వాయిస్ నోట్ల నంబరు, కబురు చెప్పడానికి ఛానల్, మూడు నాలుగు నెలలయ్యాక సమావేశం. గ్రూపు పెట్టాలనిపిస్తే సమావేశానికి వచ్చి ఒకరినొకరు చూసుకున్నవాళ్లతో, వాళ్లు అడిగితేనే పెట్టండి. అడ్మిన్లలో ఒక మహిళ తప్పకుండా ఉండాలి.