హార్మండ్స్‌వర్త్, క్రెసింగ్ టెంపుల్: రెండు పాత ధాన్యపు కొట్టాలు చూసిన అనుభవం

లండన్ హీత్రూ విమానాశ్రయం పక్కనే హార్మండ్స్‌వర్త్ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడి ధాన్యపు కొట్టాన్ని 1426లో వించెస్టర్ కళాశాల తన పొలాల పంటను దాచుకోవడానికి కట్టించింది. పన్నెండు అంకణాల ఆ కట్టడం పొడవు దాదాపు 58 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. లోపల అడుగుపెట్టగానే రెండు వరుసల ఓక్ స్తంభాలు, వాటి నడుమ విశాలమైన సాల, రెండు పక్కలా వసారాలు కనిపిస్తాయి. పెంకుల బరువు వాసాల నుంచి దూలాలకు, దూలాల నుంచి స్తంభాలకు ఎలా దిగుతోందో కంటితోనే చదువుకోవచ్చు, ఎందుకంటే ఏ అడ్డుగోడా, ఏ లోపలి కప్పూ దానిని దాచలేదు. పక్క గోడలు కేవలం చెక్క పలకలు, భారమంతా చట్రానిదే.

నేను ఒక స్తంభం మొదట్లో చాలాసేపు కూర్చున్నాను. చెమ్మ తగలకుండా దానిని రాతి దిమ్మెపై నిలిపారు. అతుకు దగ్గర ఒక దుంగ కొనను సన్నగా చెక్కి, రెండో దాని రంధ్రంలోకి దించి, అడ్డంగా ఓక్ చీల బిగించారు. కలపలో అత్యధిక భాగం నాటిదే కావడం నన్ను నిజంగా కదిలించింది. శిథిలమవుతున్న ఈ కొట్టాన్ని ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2011లో 20,000 పౌండ్లకు కొని బాగుచేయించింది.

ప్రవేశం ఉచితం, కానీ వేసవి నెలల్లో కొన్ని ఆదివారాలే తెరుస్తారు కాబట్టి తేదీ చూసుకోకుండా బయలుదేరకూడదు. బస విషయంలో మాకు నిరాశే మిగిలింది. విమానాశ్రయం దగ్గర దిగిన హోటల్‌లో కిటికీ సరిగా మూసుకోక రాత్రంతా విమానాల మోత వినిపించింది. పైగా మేము బయలుదేరే వేళకు ఇంకా మొదలుకాని అల్పాహారానికి కూడా డబ్బు తీసుకున్నారు. లండన్ నగరంలోనే బస చేసి రావడం మేలు.

మరునాడు ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్‌కు వెళ్లాము. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి విథమ్ దాకా రైలు హాయిగా సాగింది. అక్కడి నుంచి టాక్సీ తీసుకున్నాము. 1137లో మటిల్డా రాణి టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి యోధులకు దానమిచ్చిన భూమి ఇది. ఇక్కడి బార్లీ కొట్టం 13వ శతాబ్దం తొలినాళ్లది, గోధుమ కొట్టం అదే శతాబ్దపు చివరి భాగానిది. అంటే హార్మండ్స్‌వర్త్ కంటే మొదటిది దాదాపు రెండు వందల సంవత్సరాలు, రెండోది దాదాపు నూట యాభై సంవత్సరాలు పెద్దవి. బార్లీ కొట్టంలో దుంగను పక్కనుంచి గాడిలోకి పొదిగి, ఊడిరాకుండా మెట్టుగా కోసిన పాత తరహా అతుకులు ఉన్నాయి. ఇటువంటి అతుకుల తీరును బట్టే కట్టడాల కాలం నిర్ణయించవచ్చని పాత కలప కట్టడాల పరిశోధకుడు సెసిల్ హ్యూయెట్ వాదించారు; తరువాత చెట్టు వలయాల లెక్క కూడా తోడైంది. వడ్రంగి పనివారి ఆలోచన మారిన క్రమం ఇక్కడే బాగా అర్థమవుతుంది.

1987లో ఈ స్థలాన్ని కొన్న ఎసెక్స్ కౌంటీ కౌన్సిల్ దీనిని శుభ్రంగా నిర్వహిస్తోంది. గోడల మధ్య తోట ఉంది, కూర్చుని టీ తాగే వీలుంది. అయితే ఈ కొట్టాల్లో పెళ్లిళ్లు, వేడుకలు జరుగుతుంటాయి. ఆ రోజుల్లో లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు. వృద్ధులతో, పిల్లలతో వెళ్లేవారికి క్రెసింగ్ టెంపుల్ అనుకూలం. చట్రాన్ని చూడడానికే వెళ్లేవారు మాత్రం ముందుగా హార్మండ్స్‌వర్త్‌కు వెళ్లాలని నా అభిప్రాయం: హీత్రూకు మూడో రన్‌వే కట్టాలన్న ప్రతిపాదన ఆ ఊరిని ఏళ్లుగా వెంటాడుతోంది, కొట్టం ఎప్పటికీ ఇలాగే ఉంటుందని చెప్పలేము.